నమ్మి చెప్పిన కొలతలు

కురవిలో మా పుట్టింటి వాడకట్టులో ఒక అక్క మిషన్ కుడుతుంది. నా బడి బట్టల నుంచి పెళ్లి జాకెట్ల దాకా అన్నీ ఆమె చేతి మీదే అయ్యాయి. ఒక వానకాలం ఇల్లు కురిసి ఆమె కొలతల పుస్తకం నానిపోయింది. పెళ్లిళ్ల ముందు అందరినీ మళ్లీ పిలిచి కొలవాల్సి వచ్చింది. అప్పుడు నేను జనగామలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతున్నాను. హన్మకొండలో నాతో ఎంసీఏ చదివిన స్నేహితురాలు పెళ్లై భూపాలపల్లిలో ఉండేది. కొలతలు దాచుకునే యాప్ ఒకటి చేద్దామని ఫోన్‌లో ఆమెతో అన్నాను. ఆమె ఎగిరి గంతేసింది. కోడు నేను రాశాను, బొమ్మలు, రంగులు ఆమె చూసింది. గిరాకీ పేరు, ఫోన్ నంబరు, మెడ, చంక, చేతి పొడవు ఎక్కడెక్కడ రాయాలో కురవి అక్క చెప్పింది.

యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ముందు ఖాతా తెరవాలి. గుర్తింపు కార్డులో ఉన్న పేరే బ్యాంకు కార్డులోనూ ఉండాలన్నారు. నా ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంది, బ్యాంకులో అత్తింటిది. రెండుసార్లు తిప్పి పంపారు.

"గంత పరేషాన్ ఎందుకే? నా పేరు మీద తెరుద్దాం. నీ పేరుంటే ఏంది, నా పేరుంటే ఏంది?" అంది స్నేహితురాలు.

నిజమే కదా అనుకున్నాను. ఆ రోజు నాకు అది సాయంగానే కనిపించింది.

తర్వాత ఇంకో నియమం ఎదురైంది. కొత్త ఖాతా నుంచి యాప్ బయటికి రావాలంటే ముందు పన్నెండు మంది దాన్ని పద్నాలుగు రోజులు ఆపకుండా వాడి చూడాలి. నగరంలో కంపెనీల వాళ్లకు పన్నెండు మంది దొరకడం లెక్క కాదు. నాకు మిషన్ కుట్టే ఆడవాళ్లే కావాలి. జనగామలో ఐదుగురిని పట్టుకున్నాను. రైలెక్కి మహబూబాబాద్ పోయి అక్కడా, కురవిలోనూ నలుగురిని ఒప్పించాను. భూపాలపల్లి, ఘనపూర్‌లలో ముగ్గురిని స్నేహితురాలు చూసింది. తొమ్మిదో రోజున కురవి అక్క, తన మనుమరాలి ఫొటోలకు ఫోన్‌లో జాగా చాలడం లేదని యాప్ తీసేసి, పరీక్ష నుంచి కూడా బయటికి వచ్చేసింది. పన్నెండు కాస్తా పదకొండైంది. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. ఉరుకులు పరుగుల మీద కురవి పోయి, ఆమె ఫోన్‌లో పనికిరాని వీడియోలు తీసి, యాప్ మళ్లీ ఎక్కించాను.

అప్పుడే అక్క అడిగింది.

"ఇండ్ల రాసినయి ఇంకెవలకన్న కనవడ్తయా చెల్లె? ఆడోళ్ల కొలతలు గివి."

"నా మీద ఒట్టు అక్కా. నీకు తప్ప ఎవలకు కనవడయి."

అబద్ధం చెప్పలేదు. వాడేవాళ్ల వివరాలు బయటివాళ్లకు ఇస్తారా అని స్టోర్ వాళ్ల ఫారంలో ప్రశ్న ఉంది. "ఇవ్వం" అని టిక్కు పెట్టింది నేనే. అప్పటికి కొలతలన్నీ ఎవరి ఫోన్‌లో వాళ్లకే ఉండేవి.

యాప్ బయటికి వచ్చింది. ఒకరి నోట ఒకరు విని వందల మంది ఎక్కించుకున్నారు. ఘనపూర్‌లో ఒకామె ఫోన్ నీళ్ల బకెట్లో పడి కొలతలన్నీ పోయాయి. ఆమె ఏడుపు విన్నాక, కొలతలు మా సర్వర్‌లో కూడా దాచే ఏర్పాటు చేశాను. ఆ సర్వర్ తీసుకున్నదీ స్నేహితురాలి పేరు మీదే. దానికి నెలకు కొంచెం రుసుం పెట్టాం. కురవి అక్క కూడా కట్టింది. అందులో స్టోర్ వాళ్లు తమ వంతు పట్టుకుని మిగిలింది స్నేహితురాలి ఖాతాలో వేసేవాళ్లు. సర్వర్ కిరాయి పోగా చాయ్ ఖర్చులు మిగిలేవి. దానికి తోడు ఏడాదికోసారి స్టోర్ కొత్త షరతులు పెట్టేది. కొత్త ఫోన్లకు తగ్గట్టు కోడు మార్చకపోతే యాప్ కొత్తవాళ్లకు కనపడదు. సెలవులన్నీ దానికే పోయేవి. వాడేవాళ్లు తమ ఖాతాను, రాసుకున్న వివరాలను తామే తుడిచేసుకునే బటన్ ఉండాలని ఒకసారి అన్నారు. విసుక్కుంటూనే అదీ పెట్టాను.

"దీని ఎనక ఇంకెన్నేండ్లు తిరుగుదామే?" అనేది స్నేహితురాలు. నవ్వుతూ అంటోందనుకున్నాను.

ఒక రోజు పొద్దున సెంటర్‌లో కూర్చుని చిన్న సవరణ ఎక్కించబోతే, ఈ యాప్ చూసే అనుమతి మీకు లేదని వచ్చింది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. "నెట్ ప్రాబ్లం ఉన్నట్టుంది, సూస్త" అని మెసేజ్ పెట్టింది. వారం రోజులు ఆ మాట నమ్మాను. ఎనిమిదో రోజున స్టోర్‌లో మా యాప్ పేజీ తెరిస్తే, కింద తయారీదారు పేరు ఉండే చోట ఎన్నడూ వినని కంపెనీ పేరు ఉంది. దాన్ని చూస్తుండగానే కురవి నుంచి ఫోన్ వచ్చింది.

"చెల్లె, నా గిరాకీలకు ఎవలో మెసేజులు పెడ్తున్నరు. మీ ముప్పై ఆరు సైజు జాకెట్లు మా దగ్గర తయారుగున్నయి అని. గా ముప్పై ఆరు నీ యాప్ల తప్ప యాడ లేదు గద?"

ఆ కంపెనీ పేరు మళ్లీ చదివాను. అక్క ఇంకా చెబుతూనే ఉంది.

"ఒకామె మొగడు దుకాణం ముంగటికొచ్చి లొల్లి వెట్టిండు. మా ఆమె కొలతలు ఎవలకు అమ్ముకున్నవని నలుగుట్ల అడిగిండు. నేనేం జెప్పాలె?"

ఆ మధ్యాహ్నమే భూపాలపల్లి బస్సెక్కాను. స్నేహితురాలు తలుపు తీసి, నన్ను చూసి పక్కకు జరిగింది. కూర్చోమనలేదు.

"అమ్మినవా?" అన్నాను.

"అమ్మిన."

"నాకు ఒక్క మాట చెప్పకుంట?"

"చెప్తే వద్దంటవని ఎరుకే. గందుకే చెప్పలే."

"కొలతలు సుత ఇచ్చినవా?"

"గవి లేకుంటే యాప్ ఎందుకని అడిగిండ్రు. వాళ్లు కొన్నదే గవ్విటి కోసం." తల దించుకునే అంది. "నీ సగం పక్కన వెట్టిన. తీస్కపో."

"పన్నెండు మంది ఇండ్లకు పోయి మాటిచ్చి వచ్చినమే. అండ్ల ముగ్గురికి నువ్వే చెప్పినవ్."

నా సగం నేను తీసుకోలేదు. తిరుగు ప్రయాణంలో పరకాల దాకా కోపంతో ఊగిపోయాను. ఆ తర్వాత కోపం కన్నా ఇంకోటి గుచ్చింది. నేను వద్దంటానని ఆమె సరిగ్గానే అనుకుంది. అంత బాగా తెలిసిన మనిషే నా వెనుక ఈ పని చేసింది.

స్టోర్ వాళ్లకు ఫిర్యాదు రాశాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. ఖాతా ఎవరి పేరు మీద ఉంటే యాప్ వాళ్లదే, బదిలీ నియమాల ప్రకారమే జరిగింది, మీ తగాదా మీరే తేల్చుకోవాలన్నారు. వివరాలు ఎవరికీ ఇవ్వమన్న నా టిక్కు మాత్రం ఆ పేజీలో ఇంకా అలాగే ఉంది.

నా చేతిలో మిగిలింది ఆ తుడిచేసే బటన్ ఒక్కటే. ఆ పన్నెండు మంది దుకాణాలకూ వరుసగా పోయాను. జరిగింది చెప్పి, వాళ్ల ముందే బటన్ నొక్కించి యాప్ తీసేయించాను. జనగామలో ఒకామె నా మొహం మీదే తిట్టింది. ఘనపూర్ ఆమె, "నువ్వు సుత మోసపోయినవ్ తియ్యి" అని నీళ్లు ఇచ్చింది. ఆ తిట్టే తట్టుకోగలిగాను.

కురవికి చివర పోయాను. అక్క మిషన్ మీద బడి పిల్లల యూనిఫాంలు ఉన్నాయి. జాకెట్ల గిరాకీలు సగం మంది మానేశారట.

"నువ్వు మోసం జేసినవని నేననలే. కని ఒట్టేసింది నువ్వే గద చెల్లె," అంది, మిషన్ ఆపకుండా.

ఆమె ఫోన్ తీసుకుని బటన్ నొక్కాను. మీ వివరాలు తొలగించబడ్డాయి అని తెర మీద వచ్చింది. ఆ వాక్యం రాసింది నేనే. నేను రాసినప్పుడు సర్వర్ మాది. ఇప్పుడు వాళ్లది. అక్కడ నిజంగా ఏం తుడిచిపెడతారో, ఏం దాచుకుంటారో నాకు తెలియదు.

"పోయినయా?" అని అడిగింది అక్క.

"పోయినయి అక్కా," అన్నాను.