రెండుసార్లూ ఐదే

అమెరికాలో మోరిస్‌విల్‌లో ఇల్లు, పక్క ఊరి యూనివర్సిటీలో ఉద్యోగం. సర్వేల్లో వచ్చిన జవాబులు చూసి, ఆ ప్రశ్నలు నమ్మదగ్గవో కాదో తేల్చడం నా పని. ఆ ఏడాది అరబిక్ మాట్లాడే విద్యార్థుల మీద ఒక స్టడీ మొదలైంది. ఇష్టమైన పనిలో మునిగిపోయినప్పుడు మనిషి తనను తాను మరిచిపోతాడు చూడండి, దాన్ని ఫ్లో అంటారు. అది ఎవరికి ఎంత కలుగుతుందో కొలిచే ప్రశ్నలను నా తోటి ఉద్యోగిని, జోర్డాన్ ఆవిడ, అరబిక్‌లోకి మార్చింది. నాకు అరబిక్ ఒక్క ముక్క రాదు. నాకు కావలసింది ఒకటి నుంచి ఐదు దాకా అంకెలే.

ముందుగా కొందరిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ప్రశ్న చదివించి, ఏం అర్థమైందో ఇంగ్లిష్‌లో చెప్పించుకున్నాం. అలా వచ్చింది ఒక అమ్మాయి. ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరం. ‘కాలం ఎలా గడిచిందో నాకు తెలియదు’ అన్న వాక్యం దగ్గర నవ్వేసింది.

“ఇది మా చెల్లీ నేనూ,” అంది. “తను అక్కడ మా ఇంట్లో, నేనిక్కడ. వీడియో కాల్ పెట్టుకుని ఇద్దరం బొమ్మలు గీస్తాం. మాట్లాడుకోం. తలెత్తి చూసేసరికి మధ్యాహ్నం దాటిపోయి ఉంటుంది. నా క్లాస్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది.”

‘పూర్తిగా నిజం’ అనే ఐదు చుట్టూ సున్నా చుట్టింది. ప్రశ్న చక్కగా అర్థమైందని రాసుకున్నాను. ఆమె వెళ్లాక కూడా కాసేపు నాలో నేనే నవ్వుకున్నాను.

అవే ప్రశ్నలు అదే మనిషికి మూడు వారాలు ఆగి మళ్లీ ఇస్తాం. జవాబులు దాదాపు అలాగే వస్తే ప్రశ్నలు గట్టివని లెక్క. ఆమె చెప్పిన టైమ్‌కే వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు, కోటు కూడా విప్పలేదు. ఆ వాక్యం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

“ఒక్క మాట అడగొచ్చా? ఏ పనీ చేయకుండా కూర్చున్నా కాలం తెలియకపోతే, దానికీ ఐదే వేయాలా?”

నాకు అర్థం కాలేదు. “ఏమైందమ్మా?” అన్నాను.

“మా ఇంటి మీద బాంబు పడింది. చెల్లి పోయింది. పది రోజులైంది. పొద్దున్నే కాలేజీలో డ్రాయింగ్ స్టూడియోకి వెళ్లి కూర్చుంటాను. ఎవరో వచ్చి భుజం తడితే సాయంత్రం అయి ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో తెలీదు.”

“ఇవాళ వద్దు, ఆపేద్దాం,” అన్నాను.

“వస్తానని మాటిచ్చాను కదా,” అని చివరి ప్రశ్న దాకా పూర్తి చేసింది. లేచి వెళ్లి చేయి పట్టుకుందామనుకున్నాను. ఏమనుకుంటుందోనని కూర్చుండిపోయాను. ఎందుకు కూర్చున్నానా అని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత కార్‌లో హాస్టల్ దగ్గర డ్రాప్ చేశాను. దిగకుండా చాలాసేపు అలాగే ఉంది.

రెండుసార్లూ ఐదే. మా పద్ధతిలో అంతకన్నా మంచి జవాబు లేదు. ఆ రెండు ఐదులూ స్క్రీన్ మీద పక్కపక్కన కనిపించిన రోజు ఆఫీస్ తలుపు వేసుకుని ఏడ్చాను. జోర్డాన్ ఆవిడకు చెప్పాను. ఆవిడ ప్రశ్నల కాగితం తీసి ఆ వాక్యం మళ్లీ చదివింది.

“‘ఇష్టమైన పని చేస్తున్నప్పుడు’ అని వాక్యంలోనే ఉండాల్సింది. అంత మాత్రం నాకు తోచలేదు చూడు,” అంది.

ఆ మాట చేర్చి అందరితో మళ్లీ చదివించాం. ఆమెను మాత్రం పిలవలేదు. అప్పటికే సెమిస్టర్ మధ్యలో వదిలేసి, వేరే స్టేట్‌లో ఉన్న బాబాయ్ దగ్గరికి వెళ్లిపోయింది.

వేసవిలో ఆమె నుంచి ఈమెయిల్ వచ్చింది. చదువు మానేసిందట, బొమ్మలు గీయడం లేదట. చివర్లో ఒక్కటే అడిగింది: “మా చెల్లి పేరు మీ కాగితాల్లో ఎక్కడైనా ఉందా?”

మొదటిరోజు ఆ పేరు ఆమె నాలుగైదుసార్లు అంది. పేర్లు రాసుకోకూడదని మాకు రూల్. నేను రాసుకోలేదు, గుర్తూ పెట్టుకోలేదు. లేదని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. తర్వాత ఆమె ఏమీ రాయలేదు.