నా కూతురి ‘ఏం కాలేదు’

ఆటిజం ఉన్న పిల్లలకు బాధ తెలియదని చెప్పినవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి తిట్టాలని నాకు ఇప్పటికీ ఉంది. మొదటి కుర్చీ మాత్రం కోట ఊళ్లో నా కూతురు చదివిన బడి టీచరుకే.

అప్పుడు దానికి ఐదేళ్లు. మధ్యాహ్నం తీసుకురావడానికి వెళ్తే బెంచీ మీద ముందుకీ వెనక్కీ ఊగుతోంది. అరికాలికి నెత్తురు ఎండి అట్టకట్టింది. ఆడుకునే చోట పోసిన సముద్రపు ఇసకలో ఆల్చిప్ప ముక్క గుచ్చుకుందట.

“నొప్పిగా ఉండాదా అని అడిగినానక్కా. ఏం కాలేదు, ఏం కాలేదు అనింది. ఏడవను కూడా లేదు. ఈ పిల్లలకు అయి తెలవవంట గదా, ఫోన్లో చూసినా,” అంది టీచరు.

“ఫోన్లో చూసినావా? కాలు చూసుంటే సరిపోయేది గదమ్మా!”

ఆమెకూ రోషం వచ్చింది. “నొప్పి కూడా చెప్పని పిల్లను మేమెట్టా చూసుకునేది? వచ్చే ఏడాది ఉంచుకోలేమక్కా.”

చుట్టుపక్కల దాన్ని చేర్చుకున్న బడి అదొక్కటే.

ఇంటికొచ్చి కాలు కడిగి మందు రాయబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఏం కాలేదు! ఏం కాలేదు!” అని అరిచింది. అప్పుడు వెలిగింది నాకు. అది పడిన ప్రతిసారీ మేం ఏమన్నాం? మా అత్తగారు నేలను నాలుగు దెబ్బలు కొట్టి, “ఏం కాలేదు, ఏం కాలేదు” అనేవారు. నేనూ అదే పాట. నొప్పి పుట్టినప్పుడల్లా వినపడే మాట కాబట్టి నొప్పి పేరు అదే అనుకుంది పిల్ల. అది సరిగ్గానే నేర్చుకుంది. అబద్ధం నేర్పింది మేము. డిగ్రీ చదివి ఏం లాభం నాకు?

ఆ రోజే ఇంట్లో ఆ మాటను నిషేధించాను.

“పడిన బిడ్డకు నొప్పి, నొప్పి అని చెప్తారా ఎవురన్నా? అపశకునం!” అన్నారు అత్తగారు.

“నొప్పిని నొప్పి అంటే అపశకునమా అత్తా? కాలు కోసుకుంటే శుభమా?”

నెలల తరబడి పోట్లాడాను. గుమ్మం తగిలినా, చెయ్యి కాలినా అందరం “నొప్పి” అని పైకి అనాల్సిందే. ఆవిడ గొణుక్కుంటూనే అన్నారు.

వేసవి సెలవులకు ముందు బడి నుంచి ఫోన్ వచ్చింది. పరుగెత్తాను. తలుపు సందులో నలిగిన వేలిని టీచరు ముఖం ముందు పెట్టి, “నొప్పి! నొప్పి!” అని వెక్కి వెక్కి ఏడుస్తోంది నా కూతురు. నాకు నవ్వు ఆగలేదు.

“బిడ్డ అంత ఏడస్తంటే నవ్వతా ఉండావేందక్కా?” అంది టీచరు.

“ముందు దాని వేలికి ఐసు పెట్టు. ఆ చేత్తోనే వచ్చే ఏడాదికి పేరు రాసుకో.”