ఎస్తేరు అడిగిన పాత సీసా

నిన్న పొద్దున బావ, అంటే ఎస్తేరు భర్త, ఫోన్ చేసి "ఎస్తేరు ఇక లేదు బావా" అన్నాడు.

నేను నమ్మలేదు. ఆ గొంతు బావదేనా అని కూడా అనుమానం వచ్చింది. ఫోన్ పెట్టేసి, నంబర్ చూసుకుని, మళ్ళీ నేనే చేశాను.

అవతల ఏడుపు వినిపించాక నమ్మాను.

డెంగ్యూ. నాలుగు రోజుల జ్వరం. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు.

ఆసుపత్రి వాళ్ళనీ అనుమానించాను. రిపోర్టులన్నీ ఫోన్‌లో తెప్పించుకుని ఇంకో డాక్టర్‌కి చూపించాను. వాళ్ళ తప్పేమీ లేదన్నాడు. నా బుద్ధి అంతే. ఎవరేం చెప్పినా వెనక ఇంకేదో ఉందనుకుంటాను.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. ఎస్తేరు మా బాబాయి కూతురు. వినగడప పిల్ల. తిరువూరులో మా ఇంట్లో ఉండి కాలేజీ చదివింది. తర్వాత విజయవాడలో ఒక ల్యాబ్‌లో చేరింది.

కంటికి కనిపించనంత చిన్న వెండి రేణువులు ఉంటాయట, నానో పార్టికల్స్. అవి మనిషి కణాలకి ఏం చేస్తాయో చూడటం తన పని. చిన్న చిన్న పళ్ళేల్లో చర్మం కణాలు పెంచేది.

నా మట్టిబుర్రకి ఎక్కేలా ఒకసారి చెప్పింది.

"మాత్ర మీద కోటింగ్ ఉంటే చేదు తెలీదు కదా అన్నయ్యా. ఇదీ అంతే. వెండి అదే, సైజూ అదే. పైన ఒక కోటింగ్ వేస్తే కణాలు బానే ఉంటాయి. ఇంకోటి వేస్తే చస్తాయి. అసలు కోటింగే ఊడిపోయిందనుకో, అప్పుడేమవుద్దో మళ్ళీ చూసుకోవాల్సిందే."

ఆ పనిలో పడ్డాక ఏ వస్తువు చూసినా పైన ఏం వేశారో అడిగేది. ఒకసారి మా ఇంటికొచ్చి, గీతలు పడిన నాన్‌స్టిక్ పెనం తీసుకెళ్ళి చెత్తబండిలో వేసేసింది. అది మా ఆవిడ పుట్టింటివాళ్ళు పెట్టిన పెనం. మా ఆవిడ నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఎస్తేరుతో మాత్రం బాగానే మాట్లాడింది!

ఇక అసలు సంగతి. ఇది రాయకుండా నివాళి అంటే నాకే సిగ్గుగా ఉంది.

నాది పురుగుమందుల షాపు. మామిడికి బూడిద తెగులు వస్తే కొట్టే నానో వెండి మందు అమ్ముతాను. ఈ ఏడాది సీజన్ మొదట్లో ఎస్తేరు నాతో ఒక తోటకి వచ్చింది. అక్కడ పుల్లయ్య మామ డ్రమ్ములో మందు పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతున్నాడు. మన వైపు చాలామంది అలాగే కలుపుతారు.

"కర్ర లేదా మామా?" అంది ఎస్తేరు.

"కర్రకేం తెలుసుద్దమ్మా. గడ్డలున్నయ్యో లేదో చెయ్యైతే చెప్పుద్ది."

నేను నవ్వాను. తను నవ్వలేదు.

తిరిగి వస్తూ ఆ సీసాలు ఎక్కడ పెడతావని అడిగింది. షాపు వెనక రేకుల షెడ్డులో అన్నాను. ఎండాకాలం కూడానా అంది. ఎండాకాలం కూడా అక్కడే.

"ఆ వేడికి కోటింగ్ ఆగుద్దో లేదో చూడాలి అన్నయ్యా. కిందటేడాది స్టాకులోంచి ఒకటి పంపు."

నాకు అనుమానం పట్టుకుంది. రోడ్డవతల షాపువాడు ఎస్తేరుని నా మీదికి ఎగదోశాడేమో అనుకున్నాను. నా చెల్లెల్ని, నా చేతుల్లో పెరిగిన పిల్లని అలా అనుకున్నాను.

ఆ వారమే వచ్చిన కొత్త సీసా తీశాను. లేబుల్ మీద తేదీ చెరిపాను. షెడ్డులో దుమ్ము తీసి సీసాకి రాశాను. విజయవాడ బస్సులో పార్సిల్ పంపాను.

కొన్నాళ్ళకి ఫోన్ చేసింది.

"కణాలన్నీ బతికాయి అన్నయ్యా. ఇది షెడ్డులోదేనా?"

"అవునమ్మా."

సీసా మూత తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత "సరే" అంది.

ఆ తర్వాత సీజనంతా "మా చెల్లెలు ల్యాబ్‌లో టెస్ట్ చేసింది" అని చెప్పి షెడ్డులో ఉన్న పాత సీసాలు అమ్మాను.

జ్వరం రావడానికి ముందు రోజు మెసేజ్ పెట్టింది. "పాతది ఇంకొకటి పంపవా అన్నయ్యా."

చూశాను. జవాబివ్వలేదు.

నిన్న సాయంత్రం ల్యాబ్ నుంచి తన ఫ్రెండ్ వచ్చింది. ఎస్తేరు బల్ల మీది వస్తువులు సంచిలో తెచ్చింది. అందులో నేను పంపిన సీసా ఉంది. దాని మీద తెల్ల స్టిక్కర్, ఎస్తేరు చేతిరాత.

"మూత కింద దుమ్ము లేదు. షెడ్డుది కాదేమో. అన్నయ్యని మళ్ళీ అడగాలి."

తనకి తెలుసు. ఈ మధ్యలో రెండుసార్లు మా ఇంటికొచ్చింది, నా పక్కన కూర్చుని అన్నం తింది, నన్ను ఒక్క మాట అనలేదు. నేనే చెబుతానని చూసింది.

నా దగ్గర ఆ మందు కొన్నవాళ్ళు దయచేసి వాడకండి. వెనక్కి తీసుకురండి. అది మంచిదో చెడ్డదో నాకు తెలియదు. తెలుసుకోబోతుంటే అడ్డుపడింది నేనే. పుల్లయ్య మామకి ఫోన్ లేదు, ఎవరికైనా కనిపిస్తే డ్రమ్ములో చెయ్యి పెట్టొద్దని చెప్పండి. నేనూ వెళ్ళి చెబుతాను.

మధ్యాహ్నం వినగడపలో సమాధి చేస్తున్నాం. ఆ ఫ్రెండ్ అక్కడి నుంచే విజయవాడ వెళ్తుంది. టెస్ట్ చెయ్యమని తనకి ఇవ్వడానికి షెడ్డులోంచి ఒక సీసా తీసి సంచిలో పెట్టుకున్నాను. దుమ్ము తుడవలేదు, కొత్తగా రాయనూ లేదు.

ఈసారి షెడ్డులోదే ఎస్తేరూ.

నీకు ఇక ఎవర్నీ అనుమానించే పని లేదమ్మా. ప్రభువు దగ్గర నిశ్చింతగా నిద్రపో.