మబ్బు డ్రైవరు

“పిల్లకి బట్టతల వచ్చేస్తోందేమో.”

చెప్పులు వెతుక్కుంటున్న భర్త తల ఎత్తకుండానే, “ఏ పిల్లకి?” అన్నాడు.

“మనకి ఎంతమంది ఉన్నారు? ఇదిగో, చూడు.” ఆమె దువ్వెన తెచ్చి అతని ముక్కు కింద పెట్టింది. పళ్ళ నిండా పిచ్చుక గూడు కట్టినంత జుట్టు. ఆ జుట్టుగల మనిషి మాత్రం భోజనాల బల్ల కింద దూరి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, బయటికి రానంటే రానని కూర్చుంది.

ఆ ఇంట్లో పొద్దున్నే జరిగే యుద్ధం అది. పిల్లకి నాలుగేళ్ళు నిండాయి. తల మీద ఎవరో స్ప్రింగుల డబ్బా ఒలకబోసినట్టు ఉంటుంది జుట్టు. రాత్రి పడుకుని లేచేసరికి ఆ స్ప్రింగులన్నీ ఒకదాన్నొకటి వాటేసుకుని ముద్ద కట్టేస్తాయి. తల్లి దువ్వెన పట్టుకుని కుదుళ్ళ నుంచి కిందికి ఒక్క లాగు లాగుతుంది. పిల్ల కెవ్వుమంటుంది. బడి బస్సు సందు చివర హారన్ కొడుతుంది. తల్లికి చెమటలు, పిల్లకి కన్నీళ్ళు.

తల్లి నీటి పరీక్షల ల్యాబులో పని చేస్తుంది. కుళాయి నీళ్ళలో ఏం కలిసిందో, ఎంత కలిసిందో తేల్చడం ఆమె ఉద్యోగం. అందువల్ల ఏదైనా అనుమానం వస్తే ఊరికే ఊరుకునే రకం కాదు. రాలిన జుట్టంతా ప్లాస్టిక్ కవర్లో వేసి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళింది. డాక్టరు పిల్ల తలంతా పాయలు తీసి చూసి, జబ్బేమీ లేదు పొమ్మన్నాడు. ఆమె నమ్మలేదు. దుకాణంలో కనిపించిన సీసా కనిపించినట్టే కొనుక్కొచ్చింది. స్నానాల గదిలో అలమర రెండో ల్యాబు అయింది. ఆఖరికి ఆదివారం సెలూన్‌కి తీసుకెళ్ళి, మిషన్‌తో మొత్తం తీయించేద్దామని తేల్చేసింది.

“అలా తీయిస్తే ఒత్తుగా వస్తుందా?” అన్నాడు భర్త.

రాదు. అది ఆమెకీ తెలుసు. కుదురు చర్మం లోపల ఉంటుంది, పైన ఎవరు ఏం కోసినా దానికి తెలియదు. ఎవరైనా అడిగితే ఈ సంగతి బొమ్మ గీసి మరీ చెప్పగలదు. కానీ సొంత పిల్ల విషయానికి వచ్చేసరికి చదివిన చదువంతా చాప చుట్టేసుకుని పక్కకి తప్పుకుంది.

భర్త ఎదురు చెప్పలేదు. బయటికెళ్ళి వాళ్ళక్కకి ఫోన్ చేశాడు.

*

వాళ్ళక్క సిటీ బస్సు నడుపుతుంది. డిపోలో ఆమెని మబ్బు అంటారు. కారణం ఆమె తల చూస్తే చాలు, ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఉంగరాల జుట్టు భుజాల దాకా నాలుగు పక్కలా కమ్ముకుని ఉంటుంది. గేటు దాటి లోపలికి అడుగు పెట్టగానే మెకానిక్కులు, “మబ్బొచ్చింది, ఆరేసిన బట్టలు తీసెయ్యండ్రా” అని అరుస్తారు. “ముందు నీ నెత్తి మీద నాలుగు చినుకులు పడితే, నాలుగు వెంట్రుకలు మొలకెత్తుతాయేమో చూసుకో” అని ఆమె కూడా అంటిస్తుంది. యూనిఫాం టోపీ ఆమె తల మీద, పొంగుతున్న పాల మీద మూతలా, ఎప్పుడు జారిపడుతుందో తెలియకుండా ఉంటుంది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి అదే యూనిఫాంలో వచ్చింది. వచ్చీ రాగానే బల్ల దగ్గర నేల మీద చతికిలపడి, కిందికి వంగి చూసింది.

“లోపల ఎవరో ఉన్నట్టున్నారే. టికెట్ తీసుకున్నారా?”

“అత్తా, నీ దగ్గర దువ్వెన ఉందా?”

“లేదు. కావలిస్తే జేబులు వెతుక్కో.”

పిల్ల పాక్కుంటూ వచ్చి జేబులన్నీ గాలించింది. తాళాలు, జేబురుమాలు, నలిగిపోయిన బిస్కెట్ పొట్లం దొరికాయి. బిస్కెట్ తీసుకుని దువ్వెన లేదని ఒప్పుకుంది.

“మరి నీ తల ముట్టుకోనా?”

పిల్ల కాసేపు ఆలోచించి, “మెల్లిగా” అంది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న తల్లికి చురుక్కుమంది. ఇన్నాళ్ళలో ఆ మాట తను అడిగినట్టు గుర్తు లేదు.

వదిన పిల్లని టబ్బులో కూర్చోబెట్టి తల పూర్తిగా తడిపింది. అలమరలో సీసాలన్నీ మూతలు తీసి వాసన చూసి, ఒక కండిషనర్ ఎంచుకుని, చేతి నిండా వంపుకుని జుట్టంతా పట్టించింది. జుట్టు పాకుడు పట్టినంత జారుడుగా అయ్యాక, చివర్ల నుంచి మొదలెట్టి వేళ్ళతోనే చిక్కు విడదీసింది. చివర విడిపోయాక దానికి కాస్త పైన, ఆ తరవాత ఇంకాస్త పైన.

“తడి జుట్టు బలహీనంగా ఉంటుంది వదినా” అంది ఆమె, ఉండబట్టలేక. “సాగుతుంది, తెగుతుంది. పుస్తకాల్లో ఉంది.”

“ఉండొచ్చమ్మా. నేను చదవలేదు. నాకు నా తల ఒక్కటే తెలుసు. పొడిగా ఉన్నప్పుడు దువ్వితే పోట్లాటకి దిగుతుంది, తడిపి జారుడు చేస్తే మాట వింటుంది.”

చేతులు పని చేస్తుంటే నోరు తన సంగతులు చెప్పుకుంటూ పోయింది. చిన్నప్పుడు అందరూ తన తలని సాపు చెయ్యాలని చూసినవాళ్ళే. నూనె పెట్టి అణిచారు, పిన్నులతో బిగించారు. పక్కింటి అక్క ఒకతె ఈమె జుట్టుని బల్ల మీద పరిచి బట్టల ఇస్త్రీపెట్టెతో రుద్దితే, చెవి అంచు కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పిల్లకి చెవి తిప్పి చూపించింది.

“మరి మీ తమ్ముడికి ఇలాంటి జుట్టు లేదా?” అంది తల్లి.

“ఎందుకు లేదు? మగపిల్లాడు కదా, నెలనెలా గొరిగించేసేవాళ్ళు. తన జుట్టు ఎలా ఉంటుందో వాడికే తెలీదు పాపం.”

గుమ్మం అవతల నుంచి భర్త, “వింటున్నాను అక్కా” అన్నాడు.

“వినరా. అందుకే గట్టిగా చెప్తున్నా.”

డ్రైవరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, చేతికి నాలుగు డబ్బులు రాగానే, ఖరీదైన సెలూన్‌కి వెళ్ళి జుట్టు నున్నగా సాపు చేయించుకుందట. అద్దంలో తనని తాను గుర్తుపట్టలేకపోయింది. అప్పుడు అదే కావాలనిపించింది. మర్నాడు ఉదయం మొదటి ట్రిప్పు. కూరగాయల బజారు స్టాపులో ఒక ముసలావిడ రోజూ ఎక్కుతుంది. చూపు ఆనదు, బస్సు నంబరు కనిపించదు. ముందు అద్దంలోంచి ఈ మబ్బు కనిపిస్తే చెయ్యి ఎత్తుతుంది. ఆ రోజు బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది, ఆవిడ మాత్రం చెయ్యి ఎత్తకుండా తన బస్సు కోసం దూరంగా చూస్తూ కూర్చుంది.

“పిలిచి ఎక్కించుకున్నాననుకో. ఎక్కి, ‘ఆ అమ్మాయి ఇవాళ రాలేదా తల్లీ’ అంది నాతోనే. ఏం చెప్పను? సెలవు పెట్టిందవ్వా, వచ్చేస్తుంది అన్నాను. తరవాత ఇంక ఆ పని చెయ్యలేదు.”

స్నానం అయ్యాక తువ్వాలు ఇవ్వబోతే వద్దంది. తమ్ముడి పాత బనీను ఒకటి తెప్పించి, రుద్దకుండా, దానిలో జుట్టుని దోసిట్లో పట్టుకున్నట్టు ఒత్తి వదిలేసింది. “ఇంక ఆరేదాకా ఎవరూ ముట్టుకోకండి. నువ్వు కూడా.” ఆ ఆఖరి మాట తల్లి వంక చూస్తూ అంది.

జుట్టు ఆరింది. చిక్కుముద్ద స్థానంలో వరసగా ఉంగరాలు. పిల్ల తల ఊపింది, అవి ఊగాయి. మళ్ళీ ఊపింది. కళ్ళు తిరిగి సోఫాలో పడేదాకా ఊపుతూనే ఉంది.

“ఆదివారం మిషన్ మాటేంటి?” అంది వదిన, బూట్లు తొడుక్కుంటూ.

“వచ్చే ఆదివారం దాకా చూస్తాను” అంది ఆమె. “రాలడం తగ్గకపోతే మాత్రం తీయించేస్తాను వదినా. జబ్బు ముదిరాక ఏడిస్తే లాభం లేదు.”

*

చూస్తాను అని ఆమె అంటే మామూలు చూడటం కాదు. ఒకరోజు జుట్టు అందంగా ఆరినంత మాత్రాన ఏదీ రుజువు కాదు. వదిన పద్ధతి మంచిదో కాదో తేలాలంటే, పాత పద్ధతి కూడా పక్కనే ఉండాలి. ల్యాబులో ఏ నీళ్ళనైనా అలాగే కదా తేలుస్తారు. అందుకని పిల్ల తలని నడిమి పాపిడి తీసి రెండుగా పంచింది. ఎడమ పక్క వదినది: తడి, కండిషనర్, వేళ్ళు. కుడి పక్క మునుపటిలాగే: పొడి జుట్టు, దువ్వెన.

భర్త చూసి నోరు వెళ్ళబెట్టాడు. “ఇదేంటి, సగం తోట, సగం గడ్డివామి?”

“ఒక్క వారం ఓపిక పట్టు.”

బడిలో ఆయమ్మ కూడా అడిగిందట, కరెంటు పోయి సగంలో ఆపేశారా అని. ఆమె పట్టించుకోలేదు. రాలిన జుట్టు ఏ పక్కది ఆ పక్కన విడిగా దాచింది. మూడు రోజులు అయ్యాక ల్యాబుకి పట్టుకెళ్ళి, భోజనాల వేళ అందరూ లేచి వెళ్ళాక, మైక్రోస్కోపు కింద పెట్టింది.

ఎడమ పక్క వెంట్రుకలు కొన్నే ఉన్నాయి. ప్రతిదానికీ ఒక కొసన చిన్న తెల్లటి ఉబ్బు. అంటే కాలం తీరి, వేరు కొసతో సహా తమంతట తాము రాలినవి. అందరి తలా రాల్చేవే అవి. కుడి పక్కవి బోలెడు. ఒకటీ అరా తప్ప దేనికీ ఉబ్బు లేదు. రెండు కొసలూ చీలిపోయి, పీచు పీచుగా, బలవంతాన తెంపిన తాళ్ళలా ఉన్నాయి.

ఆమె ఆ కుర్చీలోనే వెనక్కి వాలిపోయింది. బట్టతల కాదు. జబ్బు కాదు. జుట్టు రాలడం లేదు, తెగుతోంది. తెంపుతున్నది తన చెయ్యి. సిగ్గు కన్నా ముందు సంతోషమే వచ్చిందామెకి. అన్నం తినడం కూడా మరిచిపోయి, ఫోన్‌తో ఆ వెంట్రుకల ఫోటోలు తీసుకుంది.

అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. కానీ ఒక్కసారి చూసి తేల్చెయ్యకూడదని కదా చదువు నేర్పింది. వారం పూర్తి కావాలి. మర్నాడు పొద్దున్న ఎడమ పక్క తడిపి, వేళ్ళతో నెమ్మదిగా విడదీసి, కుడి పక్కకి దువ్వెన తీసింది.

పిల్ల ఈసారి బల్ల కిందికి పారిపోలేదు. ఏడవనూ లేదు. కుడి చెవి మీద అరచెయ్యి కప్పుకుని అడిగింది.

“అమ్మా, ఈ పక్కేం తప్పు చేసింది?”

దువ్వెన గాల్లోనే ఆగిపోయింది. సందు చివర బస్సు హారన్ కొట్టింది, ఇంకోసారి కొట్టింది, వెళ్ళిపోయింది. ఆమె పిల్లని ఒళ్ళోకి లాక్కుని, “ఏం చెయ్యలేదమ్మా. అమ్మే తప్పు చేసింది” అంది. ఆ పూట ఇద్దరూ ఎక్కడికీ వెళ్ళలేదు. కుడి పక్క కూడా తడిసింది.

*

ఆదివారం వదిన వచ్చేసరికి పిల్ల తల రెండు పక్కలా ఒక్కలాగే ఉంది. సెలూన్ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆమె ఫోన్ తీసి ఫోటోలు చూపించి, ఏ కొస ఏమిటో చెప్పింది. వదిన కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోని పెద్దది చేసి, చాలాసేపు చూసింది.

“ఇంత స్పష్టంగా కనిపిస్తుందా? నేనేదో అలవాటు కొద్దీ చేసుకుపోవడమే కానీ, ఎందుకో నాకూ తెలీదు.” ఇంకోసారి చూసింది. “చిన్నప్పుడు నావి కూడా ఇలాగే తెగి ఉంటాయి.”

తల్లి జరిగినదంతా చెప్పింది, పిల్ల అడిగిన మాటతో సహా. సగం తల పరీక్ష సంగతి విని వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. “ఏమ్మాయ్, పిల్ల తల అనుకున్నావా, రెండు గ్లాసుల నీళ్ళు అనుకున్నావా?” పిల్ల మాట దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి చీర కొంగుకి తుడుచుకుంది.

“మా అమ్మ చెడ్డది కాదు” అంది. “దారం మిల్లులో పొద్దుటి షిఫ్టు. రోజూ ఆలస్యమే. ఒక చేత్తో నా తల, ఇంకో చేత్తో తన క్యారేజీ. నా జుట్టు మీద కోపం అనుకునేదాన్ని నేను. కోపం గడియారం మీద. అది నాకు తెలిసేసరికి అమ్మ లేదు.”

లోపల గదిలో పిల్ల, నాన్న తల మీద నీళ్ళు చిలకరిస్తూ, “నీకూ ఉంగరాలొస్తాయి, కదలకు” అంటోంది.

“రోజూ ఇంత తీరిక ఎక్కడుంటుంది వదినా?” అంది తల్లి. “నేనూ పొద్దున్నే పరిగెత్తాల్సినదాన్నే.”

“పరిగెత్తు. ఎవరు వద్దన్నారు?” అంది వదిన. ఆ రోజు ఆమె చెప్పిన మాట ఇప్పుడు ఆ ఇంట్లో తు.చ. తప్పకుండా సాగుతోంది. పని ఎక్కువున్న రోజుల్లో పిల్ల తలకి పసుపుపచ్చ గుడ్డ కట్టుకుని బడికి పోతుంది, చిక్కు చిక్కుగానే. వదిన అన్నది ఇదీ: “తొందరలో ఉన్న చేత్తో మాత్రం దాని తల ముట్టుకోకు. ఒక గుడ్డ కట్టి పంపించెయ్. చిక్కు ఎక్కడికీ పారిపోదు, నువ్వు వచ్చేదాకా అక్కడే ఉంటుంది. సాయంత్రం వచ్చి, టీ తాగి, చేతులు కుదురుగా అనిపించాక, దాన్ని అడిగి అప్పుడు తడుపు.”