సాలూరు నుంచి డుంబ్రిగుడకి నలభై లీటర్ల ఇథనాల్

"తమ్ముడంటే ప్రాణం దీనికి, ఆడెక్కడికెళ్తే అక్కడికి ఎల్తాది" అని మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ నా గురించి చెబుతుంది. నేను పక్కనే ఉండి కూడా కాదనను. అసలు సంగతి వేరు. మా వాసు హెల్మెట్ పెట్టుకుని కారెక్కుతుంటే నాకు కడుపు మండిపోతుంది. మెకానికల్ చదివింది నేను. మా పాత కారు ఇంజన్ ఇథనాల్ మీద నడవాలంటే ఏమేం మార్చాలో నెల రోజులు కూర్చుని మెకానిక్‌తో చేయించింది నేను. నడిపేది మాత్రం వాడు. దానికి కావలసిన ఇంధనం నేను మోస్తాను. మా ఇంట్లో దీన్ని బాధ్యత అంటారు.

అరకు పక్కన డుంబ్రిగుడ దాటాక కొండ కింద ఒక ఇళ్ళ స్థలాల లేఅవుట్ ఉంది. రోడ్లు వేశాక పని ఆగిపోయింది. ఒక చిన్న క్లబ్బు వాళ్ళు శని, ఆదివారాలకి దాన్ని అద్దెకి తీసుకుని, సరదాగా నడుపుకునే వాళ్ళకి ట్రాక్‌గా ఇస్తారు. అక్కడ ఇథనాల్ దొరకదు. ఇంజన్ దాన్ని పెట్రోలు కంటే ఎక్కువే తాగుతుంది కాబట్టి రెండు రోజులకి నలభై లీటర్లు లెక్క వేసుకుని, నాలుగు పది లీటర్ల డబ్బాల్లో, క్లబ్బు ద్వారా బిల్లుతో కొని తీసుకెళ్ళాను. డబ్బాలు ఇంధనం కోసం చేసినవే అయ్యుండాలి, మంచినీళ్ళ క్యాన్లు పనికిరావు. మెడ దాకా నింపకూడదు, ఎండకి లోపల పొంగుతుంది.

మాది లారీల ఇల్లు. వాసునీ, కారునీ నాన్న ముందు రోజే లారీ మీద పంపేశాడు. నేను శనివారం పొద్దున్న అయిదింటికి మా చిన్న ట్రాలీ బండిలో ఒక్కదాన్నే బయలుదేరాను. డబ్బాలు నిలబెట్టి, మధ్యలో గోనెలు కుక్కి, పైన టార్పాలిన్ వేసి, మా డ్రైవర్లు నేర్పిన లోడు ముడి వేశాను. గజపతినగరం మీదుగా ఏడున్నరకి ఎస్.కోట చేరాను. అక్కడ ఇడ్లీ, టీ యాభై రూపాయలు. ఘాట్ మొదలయ్యాక తినడానికి ఆగకండి, బండిని నీడలో పెట్టే చోటు దొరకదు.

ఘాట్‌కి ముందు చెక్‌పోస్టులో ఒక కానిస్టేబుల్ బండి ఆపాడు. టార్పాలిన్ ఎత్తి చూసి, ఒక మూత విప్పించి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏటమ్మా, సారా వాసనొత్తంది."

"ఇథనాల్ అన్నా. కారుకి పోస్తాం. తాగకుండా విషం కలిపి అమ్ముతారు, తాగితే కళ్ళు పోతాయి."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "కారుకేటి రోగం, పెట్రోలు తాగదా?"

బిల్లు చూపించాను. అటూ ఇటూ తిప్పి చదివి ఇచ్చేశాడు. "ఒక్కదానివే వచ్చేసినావా? మగోళ్ళెవరూ లేరేటి?"

"ముందెళ్ళారు."

"సరుకు నీకొగ్గేసి ఆళ్ళు ముందెళ్ళిపోయేరా" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. మలుపు మలుపుకీ బుర్రలో ఆ మాటే తిరిగింది. మండే సరుకుతో అనంతగిరి ఘాట్ అంతా నేను ఎక్కించగలను. బల్లపరుపు రోడ్డు మీద ఆరు మలుపులు తిప్పడానికి మాత్రం తమ్ముడు కావాలి.

పదిన్నరకి డుంబ్రిగుడ చేరాను. మేం దిగిన ఇంట్లో గది రోజుకి పన్నెండు వందలు, భోజనంతో సహా. వంట చేసే ముత్యాలమ్మదే ఆ ఇల్లు. వెనక ఒక షెడ్డులో చోటు కనిపిస్తే డబ్బాలు అందులో దించబోయాను. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అందులో ఒద్దు. కాఫీ గింజలున్నాయి."

"మూతలు బిగించే ఉన్నాయి పెద్దమ్మా."

"నీ మూత నీకు బిగువే. గింజ వాసన లాగేత్తాది. కొనేవోడు ముందు గుప్పెట్లో పోసుకుని ముక్కెడతాడు. ఏడాది పంట అది."

వంటింటి వైపు పెట్టడానికి వీల్లేదు, కట్టెల పొయ్యి. ఇథనాల్ అంటుకుంటే పట్టపగలు మంట సరిగా కనిపించదు. చివరికి ఇంటి వెనక రేకు చూరు కింద, పొయ్యికి దూరంగా, రెండు చెక్కల మీద పెట్టి టార్పాలిన్ కప్పి కట్టాను.

శనివారం వాసు బాగా నడిపాడు. ఒప్పుకోక తప్పదు. కానీ నా కళ్ళు వాడి మీద లేవు. విశాఖ నుంచి హారిక అని ఒకమ్మాయి వచ్చింది, నా వయసే ఉంటుంది. ఆమె కారుకి వాళ్ళ నాన్న ఇంధనం పోస్తున్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, గరాటు పట్టుకుని, "మూడో మలుపులో బేగి బ్రేకు ఒదిలేత్తన్నావమ్మా" అంటున్నాడు. ఆమె విసుక్కుంటోంది. విసుక్కుంటోంది, చూడండి. అలాంటి నాన్న మీద విసుక్కునేంత తీరిక ఉంది ఆమెకి. ఆ సాయంత్రం ముత్యాలమ్మ పెట్టిన కోడి కూర ఎలా ఉందో మీకు రాయాలని ఉంది, కానీ నాకు రుచి గుర్తులేదు.

ఆదివారం పొద్దున్న ఆరింటికి డబ్బాల దగ్గరికి వెళ్ళాను. రెండు అయిపోయాయి, రెండు మిగిలాయి. టార్పాలిన్ ఒక పక్కకి లాగేసి ఉంది. ఒక డబ్బా మూత బిగించలేదు, మూతి మీద ఓరగా పెట్టి ఉంది. నిన్న సాయంత్రం ఆ డబ్బా ఉబ్బినట్టుందని వాసు గాలి వదలడం చూశాను, మూత బిగించడం మర్చిపోయాడు. రాత్రంతా మంచు రేకు మీద పేరుకుని, చుక్క చుక్కగా సరిగ్గా అక్కడే కారింది. తెల్లవారుజామున జల్లు కూడా పడింది.

పెట్రోల్లో నీళ్ళు పడితే అడుగున కనిపిస్తాయి. ఇథనాల్లో కనిపించవు, కలిసిపోతాయి. సాంద్రత చూసే గాజు గొట్టం నా దగ్గర ఉంది. బిగించి ఉన్న డబ్బాలో వేసి చూశాను, ఎప్పుడూ మునిగే గీత దాకా మునిగింది. రెండో దాంట్లో బాగా పైకి తేలింది. అదే చలి, అదే సరుకు. తేడా నీళ్ళదే.

అక్కడ కాసేపు నిలబడ్డాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మొదటి మలుపులోనే ఇంజన్ దగ్గి ఆగిపోతుంది, వాసు దిగి బానెట్ ఎత్తి బిక్కమొహం వేస్తాడు. ఆ మొహం నాకు కనిపించింది కూడా. నచ్చింది కూడా.

వాడు పళ్ళు తోముకుంటూ వచ్చాడు. చెప్పేశాను.

"నువ్వున్నావు కాబట్టి సరిపోయిందక్కా. అందుకే నాన్న నిన్ను పంపుతాడు" అన్నాడు, చాలా ప్రేమగా.

"మంచి డబ్బా ఒక్కటే ఉంది. ఒకళ్ళకే సరిపోతుంది. ఇవాళ నేను నడుపుతాను."

"నీకు ట్రాక్ రాదు కదా."

"నీకు మూత బిగించడం రాదు."

వాడు నురగ ఉమ్మేసి నా వైపు చూశాడు. "నాన్నకేం చెప్పమంటావు?"

"నిన్న నువ్వు నడిపావు, ఇవాళ నేను నడిపానని చెప్పు."

క్లబ్బు వాళ్ళకి లైసెన్సు చూపించి, కొత్తవాళ్ళ వరసలో నిలబడ్డాను. వాసు హెల్మెట్ నాకు వదులైంది. ఆరు రౌండ్లు తిప్పాను. పన్నెండు మందిలో పదకొండోదాన్ని. హారిక రెండోది. నీళ్ళు కలిసిన డబ్బా పారబోయకుండా క్లబ్బు వాళ్ళకి అప్పగించి, కారుని లారీ ఎక్కించి, మధ్యాహ్నం మూడింటికి కిందికి దిగాం. ట్రాలీ నేనే నడిపాను. వాసు హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు.

నడిపాక అసూయ పోతుందనుకున్నాను. పోలేదు, లక్ష్యం మార్చుకుంది. ఇన్నాళ్ళూ వాడు కారులో ఉన్నందుకు ఏడ్చాను, ఇప్పుడు హారిక మూడో మలుపు నాకంటే బాగా తిప్పుతున్నందుకు ఏడుస్తున్నాను. ఈ ఏడుపు కాస్త మెరుగు. దీనికి చెయ్యగలిగిన పని ఉంది. వాసు మీద ఏడుపుకి చెయ్యగలిగింది ఆ పొద్దున్న చూరు కింద ఒక్కటే దొరికింది, నీళ్ళ సంగతి దాచడం; అది చెయ్యనందుకు గొప్పగా ఏమీ అనిపించడం లేదు. చేసుంటే ఎలా ఉండేదా అని ఒకటి రెండుసార్లు అనుకున్నాను కూడా.

మీరు వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పది లీటర్ల డబ్బాలు వద్దు, అయిదు లీటర్లవి తీసుకెళ్ళండి. ఒకసారి మూత విప్పితే మొత్తం ట్యాంకులో పోసెయ్యండి. అరకు మంచులో సగం డబ్బా నిలవ ఉంచకండి.

వచ్చే నెల ట్రాక్‌కి ఫారం నింపి పంపేశాను. డ్రైవరు పేరు దగ్గర నా పేరు రాశాను. వాసు ఇథనాల్ వాసు తెచ్చుకుంటాడు.