వడ్రంగిపిట్ట విన్నది

ఆ పిట్టకు వడ్రంగిపిట్ట అని పేరెందుకు వచ్చిందని అడిగితే చాలు, మేస్త్రి చేతిలో పని పక్కన పడేసేవాడు.

"ఉలిలాంటి ముక్కుందని కాదయ్యా. ఉలి ఎవడైనా పడతాడు. అది ముందు కొట్టి వింటుంది. లోపల డొల్లగా, పురుగుపట్టి ఉన్నచోటే తవ్వుతుంది. వినడం వచ్చినవాడే వడ్రంగి. అందుకే మా పేరు దానికిచ్చారు."

అది వాళ్ల నాన్న చెప్పిన మాట. నిజమో కాదో పిట్టనే అడగాలి. మేస్త్రి మాత్రం ఏ కొయ్యనైనా వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి వినందే ఉలి తీసేవాడు కాదు. అందరూ ఆయన్ని పిట్ట మేస్త్రి అనేవాళ్లు.

అలాంటి మనిషికి కొంతకాలంగా చెవులు మొరాయించాయి. సంగతి బయటికి పొక్కితే పనికి పిలిచేవాడుండడని భయం. ఎదుటివాళ్ల పెదవులు చూసి నెట్టుకొచ్చేవాడు, అర్థం కానిదానికల్లా తలాడించేవాడు. ఆ తలాడింపు పుణ్యమా అని అక్కర్లేని టీలు ఎన్ని తాగాడో!

పెద్ద కూతురు ఒక పాత గోదాము మేడ అద్దెకు తీసుకుని కుట్టుపని పెట్టబోయింది. దూలాలు చూడమంటే వెళ్లి అన్నీ కొట్టాడు, చెవి ఆనించాడు, గట్టిగా ఉన్నాయన్నాడు. ఆయనకు వినపడింది సున్నా. పాతకాలపు కొయ్య, ఏమవుతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సొంత కూతురి దగ్గర కూడా గుట్టు విప్పలేని పిరికితనం అది.

కుట్టుమిషన్లు ఎక్కిస్తున్న రోజు. పైన ఆడవాళ్లు వాటిని ఈడ్చి సర్దుతున్నారు. మేస్త్రి కింద కిటికీ రెక్క బిగిస్తున్నాడు. కూతురు వచ్చి భుజం తట్టి, నవ్వుతూ బయటికి చూపించింది.

"నీ చుట్టం వచ్చింది నాన్నా! పొద్దుట్నుంచి ఒకటే మోత, చెవులు పగిలిపోతున్నాయి."

గోడ బయటికి పొడుచుకొచ్చిన దూలం చివర వడ్రంగిపిట్ట వాలి ఉంది. తల ఆగకుండా ఆడుతోంది. చిన్న చప్పుడు కూడా లేదు.

అది తవ్వుతోందంటే లోపల పురుగుందని మేస్త్రికి తెలుసు. నిచ్చెన వేసుకుని ఆ దూలానికి లోపలివైపు ఉలి ఆనించి ఒక్క దెబ్బ కొట్టాడు. పిడి దాకా దిగబడింది. కొయ్యపొడి ముఖం మీద రాలింది. పైన మిషన్ కదిలినప్పుడల్లా దూలం వణకడం అరచేతికి తెలుస్తోంది.

"దిగండమ్మా! అన్నీ వదిలేసి, గోడ వారగా నడిచి దిగండి!"

మెట్ల మీద మిషన్ మోస్తున్న అల్లుడికి ఒళ్లు మండింది. "మొన్న బాగున్నాయన్నది మీరేగా మావయ్యా?"

పురుగు ఇప్పుడే పట్టిందని బుకాయించవచ్చు. కానీ మిగతా దూలాల మాటేమిటి? ఆడవాళ్లందరూ కిందికి వచ్చేదాకా ఆగి, నిచ్చెన దిగాడు.

"నాకు వినపడదు," అన్నాడు. "మొన్నా వినపడలేదు. అబద్ధం చెప్పాను. మిగతావీ నమ్మకండి."

అల్లుడు పరుగున గుంజ తెచ్చి దూలం కింద ఆసరాగా పోటు పెట్టాడు. మేస్త్రి సిగ్గుతో తల దించుకున్నాడు. పెదవులు చూడకపోతే కూతురు ఎంత తిట్టినా ఆయనకు తెలియదు.

ఆమె తండ్రి గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. కళ్ల నిండా నీళ్లు, కోపం. ఒక కర్ర ఆయన చేతికిచ్చి, నిచ్చెనని పక్క దూలం కిందికి జరిపి ఎక్కింది. కొయ్యకు చెవి ఆనించి, ముఖం ఆయన వైపు తిప్పింది.

"కొట్టు నాన్నా," అంది. "నేను వింటాను."