మల్సున్ అక్క చేతులు

దక్షిణ కొరియాలో మసాన్ రేవు దగ్గరి మా స్నానశాలలో క్వాక్ మల్సున్ ఇరవై రెండేళ్లు ఒళ్లు రుద్దే పని చేసింది. నేను కౌంటరులో టిక్కెట్లిస్తాను. వేడినీళ్లలో నాని వచ్చిన ఆడవాళ్లను బల్ల మీద పడుకోబెట్టి, గరుకు గుడ్డతో మురికి తీసేది. ఎవరి వీపు ఎంత ఒత్తిడి ఓర్చుకుంటుందో ఆమె చేతికి తెలుసు.

యాభై ఎనిమిదో ఏట మలంలో రక్తం కనబడితే, మొలలే అనుకుని ఏడాది ఊరుకుంది. చివరికి పరీక్ష చేయించుకునేసరికి పెద్దపేగులో క్యాన్సర్, కాలేయంలో మూడు గడ్డలు. ఆస్పత్రికి తోడు వెళ్లింది నేనే.

"ఇంకెంత కాలం ఉంటాను?" అని అడిగింది డాక్టరుని.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. ముందు పేగులో గడ్డ తీస్తాం. తర్వాత మందెక్కిస్తాం. కాలేయంలోవి తగ్గితే వాటినీ కోసి తీయొచ్చు. కాలేయం మళ్లీ పెరుగుతుంది."

బయటికొచ్చాక, "ఈ వయసులో నాకింకా పెరిగేది ఒకటుందన్నమాట" అంది. నాకు నవ్వు రాలేదు.

పేగు ఆపరేషన్ అయ్యాక రెండు వారాలకోసారి మందు. కొంత ఆస్పత్రిలో ఎక్కేది, మిగతాది గొట్టం గుండా మెల్లగా ఎక్కేలా చిన్న సీసాలో మెడకు తగిలించుకుని రెండు రోజులు ఇంట్లో మోసేది. చల్లటిది ముట్టుకుంటే వేళ్లలో సూదులు దిగినట్టుండేది. ఫ్రిజ్‌లోంచి కిమ్చీ పచ్చడి డబ్బా నేనే తీసిచ్చేదాన్ని. ఆరుసార్లకు గడ్డలు సగమయ్యాయి. కాలేయంలో కుడి భాగం కోసి తీశారు. ఆపైన మళ్లీ ఆరుసార్లు మందు.

ఏడాదికి పనిలోకి వచ్చింది. పొట్ట మీది పొడవాటి కోతను దాచుకోలేదు గానీ చేతులు చూసుకుని దిగులుపడింది.

"ఆ మందుకి వేళ్లకు ఏం తెలియట్లేదే. ఎవరి తోలైనా ఊడదీస్తానేమో."

చేపలమ్మే తక్ అవ్వ అది విని, వెళ్లి బల్ల మీద బోర్లా పడుకుంది.

"రుద్దు. నొప్పెడితే నేను చెప్తాగా. నాకు నోరుంది."

"అది మార్కెట్టంతటికీ తెలుసులే అవ్వా" అంది మల్సున్ అక్క.

"ఇంకేం మరి. ఇంకాస్త గట్టిగా... అక్కడ మెల్లగా. నేనేం ఎండుచేపనా?"

అలా మొదలుపెట్టింది. చేతికి తెలియనిది కంటితో, చర్మం ఎరుపెక్కడం చూసి తెలుసుకోవడం నేర్చుకుంది. రెండేళ్లు పనిచేసింది. మధ్యలో కాలేయంలో మరో మచ్చ కనబడితే సూది దించి కాల్చారు. తర్వాత ఊపిరితిత్తులకు పాకింది. ఈసారి మందు పెద్దగా పనిచేయలేదు.

చివరి చలికాలం మంచం మీదే గడిచింది. పని ముగించుకుని నేను వెళ్తే, "ఇవాళ ఎవరెవరొచ్చారు?" అని అడిగేది. ఒక్కొక్కరి పేరూ చెప్పేదాన్ని. మార్చిలో ఒక సాయంత్రం పేర్లు సగంలో ఉండగానే నిద్రపోయింది. మూడో రోజు వాళ్ల చెల్లెలు ఫోన్ చేసింది.